భూతాపం జమాఖర్చుల్లో మనిషి పద్దు

వాతావరణ మార్పు వస్తువుగా తెలుగులో వస్తున్న కవిత్వాన్నీ కథలనూ గమనిస్తే ప్రధానంగా రెండు ధోరణులు కనిపిస్తాయి. మొదటిది విలాప ధోరణి. ఇందులో నేల తల్లి అవుతుంది, నది ఆడపడుచు అవుతుంది, మనిషి అనేవాడు ఏ వర్గానికి చెందినవాడో ఏ దేశానికి చెందినవాడో తేలకుండానే ద్రోహి అవుతాడు. రెండవది అనుమాన ధోరణి. వాతావరణం పేరిట కుదురుతున్న అంతర్జాతీయ ఒప్పందాలన్నీ వెనుకబడిన దేశాల పరిశ్రమలను అణచడానికి సామ్రాజ్యవాద దేశాలు పన్నిన పన్నాగమనీ, వాటితో మనకు నిమిత్తం లేదనీ ఈ ధోరణి వాదిస్తుంది. మొదటిదానిలో అమాయకత్వం ఉంది. రెండవది వర్గదృష్టి ఉన్నట్టు కనిపిస్తుంది కాబట్టి మన మిత్రుల్లో చాలామందిని ఆకర్షిస్తున్నది. అయితే రెండింటిలోనూ ఉన్న లోపం ఒకటే. ఇద్దరూ లెక్క చూడరు.

అంతర్జాతీయ వాతావరణ విధానం అనేది, దాని మీద కప్పిన పెద్ద పెద్ద మాటలన్నీ తొలగిస్తే, ఒక జమాఖర్చుల పుస్తకం. ఎవరు ఎంత పొగ తగ్గించాలి, అందుకు ఎంత ఖర్చవుతుంది, తగ్గించకపోతే ఎంత నష్టం, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలకు అందులో పద్దులు రాస్తారు. రాసేవారు ఆర్థిక శాస్త్రజ్ఞులు, చదివేవారు ప్రభుత్వ ప్రతినిధులు. రచయితలకు అందులో ఏమి పని అని అడగవచ్చు. భాష ఎక్కడ మనిషిని దాచిపెడుతుందో పట్టుకోవడం మన వృత్తిధర్మం కనుక, ఆ పుస్తకం చదవడం కూడా మన పనే. ఆ పద్దులు కొన్నింటిని ఎట్లా రాస్తారో సాహిత్య విద్యార్థులకు బోధపడేటట్టు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. లాభనష్టాలు లెక్క వేయడం తప్పు కాదు. నిజాయితీగా లెక్క వేసినా భూతాపాన్ని అరికట్టడమే లాభమని తేలుతుంది. తగాదా అంతా ఖర్చు ఒకరి పేరునా లాభం మరొకరి పేరునా రాసే పంపకం దగ్గరే ఉంది.

మా జగ్గయ్యపేట రాయి నుంచే మొదలుపెట్టవచ్చు. పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం ఇది. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. జయంతిపురం, ముక్త్యాల దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టడానికి కారణం ఈ నేల అడుగున ఉన్న సున్నపురాయి. కృష్ణ దాటితే పల్నాడులోనూ ఇదే రాయి. రెండువేల ఏళ్ల కిందట ఇక్కడి శిల్పులు బౌద్ధ స్తూపానికి ఫలకాలు చెక్కింది కూడా ఈ ప్రాంతపు సున్నపురాయి మీదనే. ఆ స్తూపాన్ని 1882లో బర్జెస్ పరిశీలించాడు. ఇక్కడ దొరికి మద్రాసు మ్యూజియానికి చేరిన ఒక ఫలకంలో చక్రవర్తి చెయ్యెత్తి నిలబడితే మబ్బుల్లోంచి చదరపు నాణేలు వానగా కురుస్తుంటాయి. అది మాంధాత కథ అని చెబుతారు. ఎంత కురిసినా చాలక స్వర్గంలో కూడా వాటా కోరి, చివరికి కింద పడ్డవాడి కథ. రాయి నుంచి డబ్బు కురిపించుకోవడం మా ఊరికి కొత్త కాదని పిల్లలతో హాస్యంగా అంటుంటాను.

ఆ రాయిలో ఏముంది? పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డై ఆక్సైడ్ అందులో బంధించబడి ఉంది. స్వచ్ఛమైన సున్నపురాయిని 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం మిగులుతుంది, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. ఊళ్లలో సున్నపు బట్టీ కాల్చినవారందరూ తెలియకుండా చేసిన పని ఇదే. సిమెంటు ఫ్యాక్టరీలో రాయిని, మట్టిని కలిపి సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాల్చి క్లింకర్ తయారుచేస్తారు. టన్ను క్లింకర్‌కు రాయి నుంచి వచ్చే వాయువే అరటన్నుకు పైబడి ఉంటుంది. మంట కోసం కాల్చే బొగ్గు పొగ దీనికి అదనం. ఇక్కడే అసలు చిక్కు ఉంది. కరెంటు తయారీలో బొగ్గు మాని ఎండనో గాలినో వాడుకోవచ్చు. సున్నపురాయి నుంచి వచ్చే వాయువును మాత్రం ఏ ఇంధనం మార్చినా ఆపలేము. ప్రపంచం మొత్తం వదులుతున్న బొగ్గుపులుసు వాయువులో సిమెంటు వాటా సుమారు 7 శాతం.

తగ్గించే ఉపాయం ఒకటి కళ్లముందే ఉంది. ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి నడుస్తున్న థర్మల్ కేంద్రం వంటి చోట్ల గుట్టలుగా పడే బూడిదను సిమెంటులో కలిపితే ఆ మేరకు క్లింకర్ తక్కువ సరిపోతుంది. మన ప్రమాణాల ప్రకారం 35 శాతం దాకా కలపవచ్చు. అందరికీ లాభమైన ఏర్పాటే. అయితే రేపు వాతావరణ విధానం ప్రకారం బొగ్గు కరెంటు తగ్గితే బూడిద కూడా తగ్గుతుంది. ఒక పద్దులో మిగిల్చినది మరొక పద్దులో ఖర్చు అవుతుంది. లెక్క చూడకుండా కవిత్వం చెప్పేవారికి ఈ మెలిక కనిపించదు. ఫ్యాక్టరీ గొట్టం చూసి శపించడం సులువు. ఆ సిమెంటుతోనే పూరిగుడిసె స్థానంలో స్లాబు ఇల్లు కట్టుకున్న కూలి కుటుంబానికి ఏ మొహంతో ఆ శాపం వినిపిస్తాం?

*

ఇక ఒప్పందాల సంగతి. 1992లో రియోలో దేశాలన్నీ సంతకం చేసిన ఒడంబడికలో ఒక మంచి సూత్రం ఉంది. బాధ్యత అందరిదీ, కాని అందరిదీ ఒకే పాటిది కాదు. భారతీయుడు తలకు ఏడాదికి సుమారు 2 టన్నుల బొగ్గుపులుసు వాయువు వదిలితే అమెరికా వాసి 14 టన్నుల దాకా వదులుతున్నాడు. పారిశ్రామిక యుగం మొదలైన నాటి నుంచి పోగైన దానిలో సుమారు నాలుగో వంతు ఒక్క అమెరికాదే. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఢిల్లీ నుంచి ప్రచురించిన చిన్న పుస్తకంలో, బతకడం కోసం వదిలే పొగనూ విలాసం కోసం వదిలే పొగనూ ఒకే గాటన కట్టరాదని వాదించారు. వరిమడి నుంచి వచ్చే వాయువునూ, రెండో కారు పొగనూ ఒకే తక్కెడలో తూచడంలోని అన్యాయాన్ని బయటపెట్టిన మొదటి గట్టి వాదాల్లో అది ఒకటి.

1997 నాటి క్యోటో ఒప్పందం ధనిక దేశాలకు మాత్రమే కట్టుబాటు పెట్టింది. 2015 నాటి పారిస్ ఒప్పందం అందరినీ లోపలికి తెచ్చి ఎవరి హామీ వారినే రాసుకోమన్నది. ఈ చరిత్ర పత్రికల్లో వచ్చినదే కనుక విస్తరించను. సాహిత్య విద్యార్థి చూడవలసింది మాటల మీద జరిగిన పోట్లాట. పారిస్ ఒప్పందం నాలుగవ అధికరణంలో సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించి ‘తీరాలి’ అన్న అర్థం వచ్చే క్రియ చిత్తుప్రతిలో ఉంది. అమెరికా అభ్యంతరంతో చివరి గంటల్లో దాన్ని తగ్గించడం ‘ఉచితం’ అన్న అర్థంలోకి మార్చి, అచ్చుతప్పుల సవరణలో కలిపి చదివేశారు. 2021లో గ్లాస్గోలో ఇటువంటిదే మరొకటి జరిగింది. బొగ్గు కరెంటును క్రమంగా ‘ఆపివేయడం’ అన్న మాటను క్రమంగా ‘తగ్గించడం’ అని మార్పించినది మన దేశమే. చైనా కూడా ఇందుకు తోడు నిలిచింది. మొదటి మార్పు ధనికుల కోసం, రెండవది బొగ్గు మీద ఆధారపడిన దేశం కోసం జరిగినప్పటికీ, క్రియాపదం ఎంత ఖరీదైనదో రెండింటిలోనూ అర్థమవుతుంది. వ్యాకరణం నిష్పాక్షికమైనదని ఇంకా నమ్మేవారు మన ఎం.ఏ. తరగతుల్లో ఉన్నారు, వారికి ఈ రెండు ఉదాహరణలు చెప్పాలి.

లెక్కలోకి వద్దాం. భూతాపాన్ని అరికట్టే ఖర్చు ఈ రోజు పెట్టాలి, దాని లాభం యాభై, నూరేళ్ల తరువాత వస్తుంది. రేపటి రూపాయికి ఈ రోజు విలువ ఎంత? దీనికి ఆర్థిక శాస్త్రజ్ఞులు డిస్కౌంట్ రేటు అనేదాన్ని వాడతారు. పేరుకు భయపడనక్కరలేదు, అది వడ్డీని తిరగేసి వేయడమే. అసలు మీద వడ్డీ చేరుకుంటూ పోతే రేపటికి ఎంత అవుతుందో షావుకారు లెక్క వేస్తాడు; రేపటి మొత్తంలోంచి వడ్డీ తీసుకుంటూ వెనక్కు వస్తే ఈనాటికి ఎంత మిగులుతుందో వీరు లెక్క వేస్తారు.

2006లో బ్రిటిష్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ తయారుచేసిన నివేదికలో ఈ రేటు సుమారు 1.4 శాతం. ఆ లెక్కన నూరేళ్ల తరువాత జరగబోయే 100 రూపాయల నష్టం ఈనాటి 25 రూపాయలతో సమానం. కనుక ఇప్పుడే గట్టిగా ఖర్చుపెట్టాలని స్టెర్న్ తేల్చాడు. ఏటా ప్రపంచ ఆదాయంలో 1 శాతం ఖర్చుపెడితే 5 నుంచి 20 శాతం దాకా నష్టం తప్పుతుందన్నాడు. అమెరికా ఆర్థిక శాస్త్రజ్ఞుడు విలియం నార్డ్‌హాస్ దీన్ని ఒప్పుకోలేదు. మార్కెట్టులో పెట్టుబడికి వచ్చే ప్రతిఫలాన్ని బట్టి రేటు 5 శాతానికి పైగానే ఉండాలన్నాడు. 5 శాతం వేసి చూసినా నూరేళ్ల తరువాతి 100 రూపాయలు ఈనాడు 76 పైసలు. పాతిక రూపాయలు ఎక్కడ, ముప్పావలా ఎక్కడ! మునిగే ఊరు అదే, చచ్చే మనిషి అతడే. మధ్యలో మారింది ఒక్క రేటు. ఆ రేటు ప్రకృతి శాస్త్రం చెప్పినది కాదు. పుట్టబోయేవారి పట్ల మన బాధ్యత ఎంత అన్న నైతిక ప్రశ్నకు ఎవరికివారు ఇచ్చుకున్న జవాబు, దశాంశాల వేషంలో కూర్చున్నది.

నందిగామ ప్రాంతపు కౌలురైతును ఈ లెక్కలో నిలబెట్టి చూడండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ఆ రేటుకు పదేళ్ల తరువాత రాబోయే 100 రూపాయలు ఈనాడు 12 రూపాయలు కూడా చేయవు. మా వైపు సొంత మెట్ట చేలల్లో సుబాబుల్ అంతగా పెరగడానికి ఒక కారణం ఇక్కడే ఉంది. మూడు నాలుగేళ్లలో నరికి పేపరు మిల్లుకు వేసుకోవచ్చు. నలభై ఏళ్లు నిలిచే చెట్టు పెట్టమని, అది వాయువును పీల్చి భూగోళాన్ని కాపాడుతుందని ఉపన్యసించేవారు రైతుకు ముందుచూపు లేదంటారు. ముందుచూపు లేక కాదు, నెలనెలా తిరిగే వడ్డీ అతని చూపును ఆ మేరకు నరికేసింది. కౌలుదారుకైతే వచ్చే ఏడు అదే చేను ఉంటుందో లేదో తెలియదు. మన కథకులు అప్పుల గురించి ఇంత రాశారు గాని, అప్పు మనిషి కాలాన్ని కురచ చేస్తుందన్న కోణాన్ని పట్టుకున్నవారు తక్కువ.

నార్డ్‌హాస్‌కు 2018 అక్టోబరు 8న నోబెల్ బహుమతి ప్రకటించారు. సరిగ్గా అదే రోజున ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం ఐపీసీసీ, ఉష్ణోగ్రత పెరుగుదల 1.5 డిగ్రీలు దాటితే ఎంత ప్రమాదమో వివరించే నివేదిక వెలువరించింది. నార్డ్‌హాస్ నమూనా ప్రకారం లాభనష్టాలు సరితూగే ‘ఉత్తమ’ మార్గంలో ఈ శతాబ్దాంతానికి పెరుగుదల సుమారు 3.5 డిగ్రీలు! 1991లో ఆయన రాసిన ఒక వ్యాసంలో అమెరికా ఆదాయంలో 87 శాతం వాతావరణ మార్పు వల్ల పెద్దగా దెబ్బతినని రంగాల నుంచి వస్తుందని అంచనా వేశారు. నిజమే కావచ్చు, బ్యాంకు లోపల, ఏసీ గదిలో వేడి ఏమి చేస్తుంది? కాని మిర్చి కల్లం పైకప్పు ఆకాశమే. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోత దశలో ఉన్న వరి, కల్లాల్లో ఉన్న ధాన్యం ఏమైందో కోస్తా రైతులను అడగాలి. నమూనా అబద్ధం చెప్పలేదు. అది ఎవరి ఇంట్లో కూర్చుని లోకాన్ని చూస్తున్నదో మనం గుర్తించాలి, అంతే. కథలో దృష్టికోణం గురించి పాఠం చెప్పే మనకు ఇది వింత కాకూడదు.

ఇంతకన్న దారుణమైన పద్దు ఒకటి 1995లో బయటపడింది. ఐపీసీసీ రెండవ నివేదిక కోసం ఆర్థిక శాస్త్రజ్ఞులు తయారుచేసిన అధ్యాయంలో భూతాపం వల్ల పోయే ప్రాణాలకు విలువ కట్టారు. ప్రాణాపాయం తప్పించుకోవడానికి ప్రజలు ఎంత చెల్లించగలరు అన్నది కొలబద్ద. పేదవాడు ఎక్కువ చెల్లించలేడు, కనుక పేదదేశపు ప్రాణం చవక. ధనిక దేశపు ప్రాణానికి కట్టిన విలువ దానికి పది పదిహేను రెట్లు. అప్పటి మన పర్యావరణ మంత్రి కమల్‌నాథ్ ఈ లెక్కను తిరస్కరించాలని ఇతర దేశాల ప్రతినిధులకు రాశారు. గొడవ ముదిరి, ప్రభుత్వాలు ఆమోదించిన సారాంశంలో ఆ విలువలకు సమర్థన దక్కలేదు. తమాషా ఏమిటంటే, అప్పుడు ఎవరి కూడికలోనూ తప్పు దొరకలేదు. గణితం సరిగానే ఉంది. 2015 మే నెల వడగాలులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే 1,300 మందికి పైగా చనిపోయారని ప్రభుత్వమే ప్రకటించింది. వేసవిలో వాతావరణ శాఖ ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికలో నందిగామ పేరు తరచు పైవరుసలోనే ఉంటుంది. ఎండలో పని మానుకోలేనివారే వడగాలికి ముందు బలవుతారు. ఆ లెక్కలో అందరికన్న చవకైన ప్రాణాలు కూడా వారివే.

*

ఒప్పందాలు ఆచరణలోకి వచ్చినప్పుడు ఏమైంది? క్యోటో ఒప్పందంలో ఒక ఏర్పాటు ఉంది. ధనిక దేశం తన పొగ తాను తగ్గించుకోవడానికి బదులు పేద దేశంలో ఎవరిచేతనైనా తగ్గింపించి, ఆ తగ్గింపును కొనుక్కోవచ్చు. ఎక్కడ చవకగా తగ్గించగలిగితే అక్కడే తగ్గించాలన్నది వాదం. లెక్కప్రకారం కాదనడానికి లేదు, వాయువుకు సరిహద్దులు లేవు. కాని ఫలితం చూడండి. కొన్ని రసాయన ఫ్యాక్టరీల్లో ఉపోత్పత్తిగా వచ్చే ఒక వాయువు బొగ్గుపులుసు వాయువుకన్న వేల రెట్లు వేడి పుట్టిస్తుంది. దాన్ని కాల్చివేస్తే టన్నుకు వేల సంఖ్యలో క్రెడిట్లు వచ్చేవి. దానితో అసలు సరుకు అమ్మకం కన్న చెత్తను కాల్చడం లాభసాటి వ్యాపారమై కూర్చుంది. యూరప్ 2013 నుంచి అటువంటి క్రెడిట్లను నిరాకరించింది. ఆ లోపలే, 2012 చివరికి, మార్కెట్టు కూలి 2008లో 20 యూరోలు దాటిన క్రెడిట్ ధర ఒక యూరో లోపుకు పడిపోయింది.

దీనికి పక్కనే మన తెలుగునేల మీది మరొక ఉదాహరణ పెట్టి చూడాలి. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో పవర్‌గూడ అనే చిన్న గిరిజన గూడెం. అక్కడి మహిళలు కానుగ గింజల నుంచి నూనె తీసేవారు. డీజిలుకు బదులుగా ఆ నూనె వాడితే పదేళ్లలో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుందని లెక్కగట్టి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. అప్పటి మారకంలో 30 వేల రూపాయల లోపు. ఎందుకు కొన్నది? తాను జరిపిన ఒక అంతర్జాతీయ సమావేశం కారణంగా, ప్రతినిధుల విమానాల వల్ల వెలువడిన పొగకు పరిహారంగా. ఈ సంఘటనను విజయగాథగా రాసినవారు ఉన్నారు, అవమానంగా తలచేవారూ ఉన్నారు. ఆ స్త్రీలకు ఆ డబ్బు నిజంగా ఉపయోగపడి ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు. అయినా, విమానమెక్కినవారు ఒక్క ప్రయాణమూ మానకుండా, గూడెం స్త్రీలు పదేళ్లు కానుగ గింజలు ఏరితే రెండు వైపులా పద్దు సరిపోయిందనడంలో ఒక పెద్ద కథ ఉంది. అది ఎవరైనా రాశారేమో నేను చదవలేదు.

ఇప్పుడు వంతు తిరిగింది. యూరప్ తన సరిహద్దుల్లోకి వచ్చే సిమెంటు, ఉక్కు, అల్యూమినియం, ఎరువుల వంటి సరుకుల మీద, వాటి తయారీలో వెలువడిన వాయువును బట్టి రుసుము వేసే పద్ధతి తెచ్చింది. 2023 అక్టోబరు నుంచి వివరాలు అడిగారు, 2026 జనవరి నుంచి బాధ్యత మొదలైంది. మా సిమెంటు యూరప్‌కు పోదు కనుక జయంతిపురానికి వెంటనే దెబ్బ లేదు, ఉక్కుకు ఉంది. మన ప్రభుత్వం దీన్ని అన్యాయమన్నది. రియో సూత్రం ప్రకారం చూస్తే అన్యాయమే. తాము రెండు శతాబ్దాలు పన్ను లేకుండా కాల్చి, ఆలస్యంగా పొయ్యి ముట్టించినవాడి దగ్గర పన్ను వసూలు చేస్తున్నారు. కాని ఇక్కడే అనుమాన ధోరణి మిత్రులతో నాకు పేచీ వస్తుంది. ‘దేశం’ మీద పడే భారం అని వారు అనే చోట, ఆ దేశంలో ఫ్యాక్టరీ యజమానీ ఉన్నాడు, క్వారీలో దినకూలీ ఉన్నాడు, దుమ్ము పడే చేను రైతూ ఉన్నాడు. యజమాని పద్దును దేశం పేరున రాయడం కూడా ఒక దొంగలెక్కే. ధనిక దేశాల ముందు పేదరికాన్ని చూపించి రాయితీ అడిగి, ఇంటికి వచ్చాక ఆ రాయితీని పేదలకు పంచకుండా ఉంచుకునే విద్యలో మన పాలకవర్గాలు ఆరితేరాయి.

లాభాల పద్దును తక్కువ చేయడం కూడా సరికాదు. ఓజోన్ పొరను కాపాడడానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఫలించింది, పొర కోలుకుంటున్నది. అది ఫలించడానికి ఒక కారణం, పేదదేశాల ఖర్చు భరించడానికి 1990లో ధనిక దేశాలు నిధి ఏర్పాటు చేయడం. ఖర్చు ఎవరిదో ముందు తేల్చారు, పని జరిగింది. 2010 తరువాత పదేళ్లలో సౌర విద్యుత్తు ఖర్చు 85 శాతం దాకా తగ్గింది; ప్రభుత్వ విధానాలు గిరాకీ కల్పించకపోతే అది ఇంత త్వరగా జరిగేది కాదు. పారిస్ నాడు ఈ శతాబ్దాంతానికి మూడున్నర డిగ్రీలు పెరుగుతుందనుకున్నది, ఇప్పుడున్న విధానాలు కొనసాగితే మూడు డిగ్రీల లోపు ఉంటుందని ఐక్యరాజ్యసమితి అంచనా. నోబెల్ గ్రహీత ‘ఉత్తమం’ అన్నదానికన్న తక్కువే. చాలదు, నిజం. కాని సమావేశాల వల్ల ఒరిగిందేమీ లేదనడం అబద్ధం.

తట్టుకునే ఏర్పాట్ల సంగతి మన తీరానికి తెలిసినంత మరెవరికి తెలుసు? 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనలో సుమారు పదివేల మంది పోయారు. 1990 మేలో వచ్చిన తుపాను కూడా అంత తీవ్రమైనదే, మృతులు వెయ్యి లోపు. మధ్యలో ఉపగ్రహం వచ్చింది, హెచ్చరికలు వచ్చాయి, ముందుగా జనాన్ని తరలించారు. ఈ పద్దులో ప్రతి రూపాయికీ మనుషుల ప్రాణాలు మిగిలాయి. అయినా అంతర్జాతీయ నిధుల్లో ఇటువంటి పనికి దక్కేది చిన్న వాటా. పొగ తగ్గించే సౌర కేంద్రం పెట్టుబడికి రాబడి ఇస్తుంది, కరకట్ట ఇవ్వదు. మెట్టకు వరద రాదన్న ధీమా కూడా పోయింది. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాదు రహదారి మీదుగా పారింది. ఆ సెప్టెంబరులోనే ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. కుండపోతలకు అది బలం. అయితే వాగుల్లో ఇళ్లు కట్టనిచ్చినవారి పాపాన్ని కూడా భూతాపం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం నాయకులకు అలవాటవుతున్నది. రచయిత అందులో పడకూడదు.

మొత్తంలో లాభం తేలితే చాలదన్న సంగతి మా ప్రాంతానికి కాలువ నేర్పింది. నందికొండ ప్రాజెక్టు కోసం పట్టుబట్టినవారిలో ముక్త్యాల రాజా ఒకరు. 1955లో శంకుస్థాపన, 1967లో నీళ్లు. సాగునీటి ప్రాజెక్టులకు మన దేశంలో ఒక కొలత ఉంది. రూపాయి ఖర్చుకు రూపాయిన్నర లాభం తేలితే మంజూరు. సాగర్ మొత్తం మీద లాభమే, ఆ లాభం కళ్లకు కనిపిస్తూనే ఉంది. కాని ఆ రూపాయిన్నరలో ఎగువ చేను ఎంత, ఎడమ కాలువ చివర ఉన్న మా మెట్ట చేను ఎంత, ముంపుకు పోయిన ఊళ్లవారికి ఎంత అని నిష్పత్తి చెప్పదు. భూగోళం లెక్క కూడా ఇటువంటిదే. అందులో కాలువ చివరి ఊళ్లు ఆఫ్రికాలో ఉన్నాయి, బంగ్లాదేశ్‌లో ఉన్నాయి, మన దేశంలోనూ ఉన్నాయి.

2009లో కోపెన్‌హాగన్‌లో ధనిక దేశాలు 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామన్నాయి. ఆ మొత్తం 2022లో గాని చేరలేదు. 2024 నవంబరులో బాకూలో, పేద దేశాలు ఏటా లక్షా ముప్పై వేల కోట్ల డాలర్లు అవసరమంటే, 2035 నాటికి ముప్పై వేల కోట్లకు ఒప్పందం ముగించారు. మన ప్రతినిధి సభలోనే అభ్యంతరం చెప్పారు. అమెరికా 2025 జనవరిలో పారిస్ ఒప్పందం నుంచి రెండోసారి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. అంకెలకన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. ఇప్పటిదాకా ‘సహాయం’ కింద రాసిన ప్రభుత్వ నిధుల్లో ఎక్కువ భాగం అప్పు. అంటే పొగ ఒకరు వదిలారు, వరద మరొకరికి వచ్చింది, కట్ట కట్టుకోవడానికి మొదటివాడు రెండవవాడికి అప్పు ఇచ్చాడు.

కారా మాస్టారి ‘యజ్ఞం’ కథ మీద మన పత్రికల్లో జరిగినంత చర్చ మరే తెలుగు కథ మీదా జరిగి ఉండదు. అందులో శ్రీరాములునాయుడి పంచాయతీ అప్పల్రాముడి బాకీ లెక్క చూస్తుంది. కాగితాలు ఉన్నాయి, సాక్షులు ఉన్నారు, నాయుడు ధర్మాత్ముడు, కూడిక తప్పలేదు. ఆ లెక్క ప్రకారమే అప్పల్రాముడు భూమి పోగొట్టుకోవడానికి ఒప్పుకుంటాడు. మనవడి కాలానికి ఏమి మిగులుతుందో సీతారాముడు చేసిన పని వల్ల తెలుస్తుంది. ఆ ముగింపు న్యాయమా, సహజమా అని విమర్శకులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. అంతకుముందు ఉన్న పేజీలు, అంటే ఊరికి రోడ్డు వచ్చి, వ్యాపారం వచ్చి, అప్పు ఎట్లా పుట్టిందో చెప్పే పేజీలు, తరగతిలో తొందరగా దాటించేస్తాము. భూతాపం మీద కథ రాయదలచుకున్న యువకులు నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పేజీలనే మళ్లీ చదవమంటున్నాను, పక్కన బాకూ తీర్మానం పెట్టుకుని.